నీళ్ల సీసా మీది రాతలు: ఏది సమాచారం, ఏది ఎర

హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా కాస్త పెద్ద సూపర్‌మార్కెట్‌లో నీళ్ల సీసాల అర ముందు నిలబడితే, లీటరు ఇరవై రూపాయల అటూఇటూ ఉన్న మామూలు సీసా మొదలుకొని, అంతకు ఎన్నో రెట్లు పలికే నల్లరంగు నీళ్ల (‘బ్లాక్ వాటర్’) సీసా వరకు అన్నీ ఒకే వరసలో కనిపిస్తాయి. అన్నింటిలోనూ ఉన్నది నీరే, అన్నీ దాహం తీరుస్తాయి. ధరలో తేడా చాలావరకు సీసాకు చుట్టిన లేబుల్ మీద అచ్చువేసిన మాటల వల్ల వచ్చిందే. అందుకే ఈ సమీక్షలో రుచికి మార్కులు వేయడం కంటే, ఆ మాటల్లో కొనేవారికి పనికివచ్చేవి ఏవి, ధర పెంచడానికి మాత్రమే పెట్టినవి ఏవి అన్నది చూడదలచాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. ప్రమాదం తక్కువగా ఉన్న చోట ప్రకటనల హోరు ఎక్కువగా ఉంది. మన ఇళ్లలో చాలామంది రోజూ తాగే ఇరవై లీటర్ల క్యాను విషయంలో మాత్రం అడిగేవారూ లేరు, చెప్పే లేబులూ లేదు.

ముందుగా మామూలు సీసా. దాని మీద కొండలు, జలపాతాలు, మంచు శిఖరాలు ఎన్ని ఉన్నా, చదవవలసిన వరుస ఒకటే. ‘ప్యాకేజ్డ్ డ్రింకింగ్ వాటర్’ అని ఉంటే అది ఐఎస్ 14543 అన్న భారతీయ ప్రమాణం కిందికి వచ్చే నీరు. అది బోరుబావి నీరు కావచ్చు, మున్సిపల్ కుళాయి నీరు కావచ్చు, నది నీరు కావచ్చు. దానిని వడపోసి, ఆర్వో పొరల గుండా పంపి, ఓజోన్‌తోనో అతినీలలోహిత కిరణాలతోనో సూక్ష్మజీవులను చంపి సీసాల్లో నింపుతారు. ‘నేచురల్ మినరల్ వాటర్’ అని ఉంటే అది ఐఎస్ 13428 కిందికి వచ్చే వేరే సరుకు. దానిని గుర్తించిన సహజ వనరు నుంచి తీసుకుని, అందులో సహజంగా ఉన్న ఖనిజాల పాళ్లు మార్చకుండా, ఆ వనరు దగ్గరే నింపాలి. హిమాలయాల దిగువ నుంచి వచ్చే కొన్ని సీసాలూ, ఫ్రాన్స్‌లోని ఎవియాన్ నుంచి దిగుమతయ్యే సీసాలూ ఈ రెండో రకానివి. అంత దూరం నుంచి మోసుకొచ్చినందుకు ధర పెరగడంలో న్యాయం ఉంది గాని, మామూలుగా తిని తాగే మనిషికి దానివల్ల ఆరోగ్యం అదనంగా ఒరిగేదేమీ లేదు. మన చిల్లర కొట్లలో ‘మినరల్ వాటర్ ఇవ్వండి’ అంటే చేతికి వచ్చేది దాదాపు ఎప్పుడూ మొదటి రకమే. శుద్ధి సరిగా జరిగితే అది మంచినీరే, అందులో తప్పుపట్టవలసిందేమీ లేదు. కుళాయి నీటి సీసా మీద కొండ బొమ్మ వేసి, అది ఊటనీరన్న భ్రమ కలిగించడమే తప్పు.

ఈ భ్రమ ఎంత దూరం పోగలదో 2004లో బ్రిటన్‌లో తేలింది. కోకాకోలా సంస్థ దసాని అన్న పేరుతో అక్కడ విడుదల చేసిన నీరు లండన్ శివార్లలోని సిడ్‌కప్‌లో కుళాయి నుంచి తీసుకున్నదేనని పత్రికలు బయటపెట్టాయి. శుద్ధి చేసిన తర్వాత ఆ నీటిలో కలిపిన కాల్షియం లవణంలో బ్రోమైడ్ ఉండటం, ఆ పైన ఓజోన్ పంపినప్పుడు అది బ్రోమేట్ అనే హానికర పదార్థంగా మారి చట్టం అనుమతించిన పరిమితిని దాటడం అంతకంటే పెద్ద సంగతి. కుళాయిలో వచ్చినప్పుడు లేని దోషం, దానిని మెరుగుపరచామని చెప్పుకున్న ఫ్యాక్టరీలో చేరింది. ఆ ఏడాది మార్చిలో దాదాపు ఐదు లక్షల సీసాలను వెనక్కు తీసుకుని, సంస్థ ఆ దేశంలో ఆ సరుకునే మానుకుంది. అమెరికాలో పెప్సికో తన అక్వాఫినా సీసా మీద ఇది ప్రజా సరఫరా నీరేనని స్పష్టంగా రాయడానికి 2007లో ఒప్పుకున్నది కూడా వినియోగదారుల సంఘాలు పట్టుబట్టిన తర్వాతే.

మన దేశంలో కూడా సీసా నీటి నాణ్యత పెరిగింది ప్రకటనల వల్ల కాదు. 2003 ఫిబ్రవరిలో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ పలు బ్రాండ్ల నీటిని పరీక్షించి పురుగుమందుల అవశేషాలు ఉన్నాయని ప్రకటించిన తర్వాతనే, ఒక్కొక్క పురుగుమందు లీటరుకు 0.0001 మిల్లీగ్రాము, అన్నీ కలిపి 0.0005 మిల్లీగ్రాము దాటకూడదన్న కచ్చితమైన పరిమితి వచ్చింది. ఇవాళ మామూలు సీసాను కొంత నమ్మకంతో తాగగలుగుతున్నామంటే దానికి కారణం అలాంటి పరీక్షలే.

ఇక ‘విత్ యాడెడ్ మినరల్స్’ అన్న రాత. ఆర్వో పొర మలినాలతో పాటు కాల్షియం, మెగ్నీషియం వంటి ఖనిజాలను కూడా చాలావరకు తీసేస్తుంది. తీసేసిన వాటిలో కొంత మళ్లీ కలుపుతారు. సీసా నీటిలో ఈ రెండు ఖనిజాలు ఇంత మేరకు ఉండాలని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనలే చెబుతున్నాయి. అంటే అది తయారీదారు మన మీద ప్రేమతో వేసిన కొసరు కాదు, పోయినదాన్ని కొంత పూడ్చడం మాత్రమే. ‘ఏడు దశల శుద్ధి’, ‘పది దశల శుద్ధి’ అన్న లెక్కలు కూడా అంతే. ఇసుక వడపోత, బొగ్గు వడపోత, ఆర్వో, ఓజోన్ అందరూ చేసేవే. వాటిని ఎన్ని ముక్కలుగా విడగొట్టి లెక్కపెడితే అన్ని దశలవుతాయి.

‘బీపీఏ ఫ్రీ’ అన్న ముద్ర గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చిన్నపిల్లలున్న తల్లిదండ్రులు దాన్ని చూసి రెండు రూపాయలు ఎక్కువైనా పెడతారు. హానికరమని అనుమానించే బీపీఏ అన్న రసాయనాన్ని పాలికార్బనేట్ అనే గట్టి ప్లాస్టిక్ తయారీలో వాడతారు. లీటరు సీసాలు చేసేది పెట్ అనే వేరే ప్లాస్టిక్‌తో, దాని తయారీలో బీపీఏ పనే లేదు. కాబట్టి పెట్ సీసా మీద ఆ ముద్ర వేసినా వేయకపోయినా సీసాలో తేడా ఉండదు. మరి పాలికార్బనేట్ ఎక్కడ ఉంది? మన వంటింటి మూలలో బోర్లించి పెట్టే నీలిరంగు ఇరవై లీటర్ల క్యాన్లలో చాలా వాటిని చేసేది దానితోనే. ఆ క్యాను ఎండలో ఆటో మీద తిరుగుతుంది, గోడౌన్ బయట గంటల తరబడి పడి ఉంటుంది, గీతలు పడి మసకబారేదాకా మళ్లీ మళ్లీ నింపుతారు. ఆ ప్రశ్న వేయవలసింది అక్కడ, కాని ఆ క్యాను మీద దాని గురించి ఒక్క అక్షరం ఉండదు.

ఎక్కువ ధర పలికే వాటిలో ఆల్కలైన్ నీళ్లు, అంటే క్షారగుణం ఉన్న నీళ్లు, మొదటివి. ఆ గుణాన్ని కొలిచే అంకె పీహెచ్, అది ఏడుకు తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. పీహెచ్ ఎనిమిదికి పైగా ఉన్న నీరు శరీరంలోని ఆమ్లతను తగ్గిస్తుందని వాటి అమ్మకందారులు చెబుతారు. జీర్ణాశయంలోని రసం పీహెచ్ సుమారుగా ఒకటిన్నర నుంచి మూడున్నర మధ్య ఉంటుంది. గ్లాసెడు క్షారజలం అక్కడికి చేరగానే దాని క్షారగుణం చెల్లిపోతుంది. రక్తం పీహెచ్‌ను 7.35 నుంచి 7.45 మధ్య నిలిపి ఉంచే బాధ్యత ఊపిరితిత్తులదీ మూత్రపిండాలదీ, ఆ పని అవి మనం ఏ నీరు తాగినా చేస్తాయి. దుకాణంలో రెండు గ్లాసుల్లో రంగు చుక్కలు వేసి ఒకటి పసుపు, ఒకటి ఊదా చేసి చూపించే ప్రదర్శన నిజమే గాని, అది గ్లాసులో ఉన్న నీటి పీహెచ్‌ను మాత్రమే చూపుతుంది, తాగిన మనిషి గురించి ఏమీ చెప్పదు. నల్లనీళ్లు కూడా ఈ కోవకే చెందుతాయి. మొక్కల అవశేషాల నుంచి వచ్చే ఫుల్విక్ పదార్థాలు కలపడం వల్ల ఆ రంగు వస్తుంది. సినిమా తారల చేతుల్లో ఆ సీసాలు కనబడటం తప్ప, ఆ ధరకు తగిన ప్రయోజనం ఉందనడానికి గట్టి ఆధారం నాకు కనబడలేదు.

రాగి కలిపిన నీళ్లు కొంచెం వేరు. రాగి చెంబులో రాత్రి నీళ్లు పోసి పొద్దున తాగే అలవాటు మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉంది కాబట్టి, ఆ జ్ఞాపకం మీదనే ఈ సరుకు నడుస్తోంది. మనిషికి రోజుకు కావలసిన రాగి ఒకటి రెండు మిల్లీగ్రాములే. పప్పులు, నువ్వులు, గింజలు తినే ఇంట్లో అది తిండితోనే చాలావరకు అందుతుంది. కొనాలనిపిస్తే లేబుల్ మీద లీటరుకు ఎంత రాగి ఉందో రాశారేమో చూడండి. రాగి నీళ్లు తాగాలన్న కోరికే ఉంటే ఇంట్లో చెంబు ఉంది.

లేని దోషం లేదని చెప్పి మెప్పు పొందడం నీళ్లతో ఆగలేదు. పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్ మీద ‘కొలెస్టరాల్ లేదు’ అని రాస్తారు. కొలెస్టరాల్ ఉండేది జంతువుల నుంచి వచ్చే కొవ్వుల్లో, ఏ మొక్క నూనెలోనూ చెప్పుకోదగినంత ఉండదు. నూనె విషయంలో ఇంకా సూక్ష్మమైన కిటుకు ఒకటి నడిచింది. వేడి చేస్తే నూనె వ్యాకోచిస్తుంది. కొందరు తయారీదారులు అరవై డిగ్రీల వేడి దగ్గర లీటరు అని లెక్కగట్టి, గది వేడిలో 910 గ్రాములు ఉండవలసిన ప్యాకెట్‌ను అంతకంటే తక్కువ బరువుతో అమ్మారు. 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఉష్ణోగ్రత రాయకుండా నికర పరిమాణం, దానితో పాటు బరువు కూడా ప్రకటించాలని ఆదేశించి, సరిదిద్దుకోవడానికి 2023 జనవరి 15 వరకు గడువు ఇచ్చింది. ఈనాటికీ నూనె కొనేటప్పుడు లీటరు అన్న పెద్ద అక్షరాలు వదిలేసి గ్రాములు చూడటం మంచిది. కొన్ని ప్యాకెట్లు పక్కపక్కన ఒకేలా కనిపిస్తాయి గాని ఒకటి 910, ఇంకొకటి 850 గ్రాములు, ధరలో మాత్రం అంత తేడా ఉండదు. ఇప్పుడు ప్యాకెట్ల మీద గ్రాముకు లేదా మిల్లీలీటరుకు ఎంత పడుతుందో యూనిట్ ధర కూడా ముద్రించాలి. ఆ చిన్న అంకె చదివితే సగం మోసాలు అక్కడే ఆగిపోతాయి. సబ్బుల్లోనూ ఇంతే. ‘టాయిలెట్ సోప్’ అన్న వాటిలో మొదటి గ్రేడు సబ్బుకు కొవ్వు పదార్థం 76 శాతం ఉండాలి, ‘బేతింగ్ బార్’ అని చిన్నగా రాసిన దానికి 40 శాతం ఉన్నా చాలు. గులాబీ రేకుల బొమ్మ రెండింటి మీదా ఒకటే.

అయితే నూనె, సబ్బు విషయంలో పోయేది డబ్బు. విరేచనాలప్పుడు ఒంట్లో నీరు తగ్గకుండా తాగించే ఓఆర్ఎస్ పేరు పెట్టుకున్న పానీయాల విషయంలో పోయేది పసిపిల్లల ప్రాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటిలో గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు ఉండాలి. ఈ పాళ్లలో ఉంటేనే పేగు ఉప్పునూ నీటినీ పీల్చుకుంటుంది. చక్కెర అంతకు చాలా ఎక్కువైతే నీరు తిరిగి పేగులోకే చేరి విరేచనాలు ఎక్కువవుతాయి. అయినా తియ్యటి పండ్లరసం వంటి డబ్బాల మీద ఓఆర్ఎస్ అన్న మూడక్షరాలు పేరులో భాగంగా పెట్టి, ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన ఓఆర్ఎస్ కాదని చిన్న అక్షరాల్లో రాసి, మందుల దుకాణాల్లోనే అమ్మారు. బిడ్డకు విరేచనాలవుతున్నాయని అర్ధరాత్రి పరుగెత్తుకొచ్చిన తండ్రి ఆ చిన్న అక్షరాలు చదువుతాడా? హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీని మీద పోరాడి, తెలంగాణ హైకోర్టు దాకా వెళ్లారు. చివరికి 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, ఆ సూత్రం పాటించని ఏ పానీయం పేరులోనూ ఓఆర్ఎస్ అన్న మాట ఉండకూడదని ఆదేశించింది. ఆమెకు తెలుగువారంతా రుణపడి ఉండాలని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను. మందుల దుకాణంలో ఇప్పటికీ డబ్బా కాకుండా పొడి ప్యాకెట్ అడిగి, దాని మీద సూత్రం ముద్రించి ఉందో లేదో చూసి తీసుకోండి.

నీటి విషయానికి తిరిగి వస్తే, సీసాలు వద్దనుకుని ఇంట్లో ఆర్వో యంత్రం పెట్టించుకుందామనుకునేవారికి ఎదురయ్యే ప్రదర్శన ఒకటుంది. అపార్ట్‌మెంట్లలో ఇది నేటికీ సాగుతోంది. మా ఇంటికి వచ్చిన అబ్బాయి బ్యాగులోంచి రెండు జతల లోహపు కడ్డీలున్న చిన్న పరికరం తీసి, ఒక జతను మా కుళాయి నీళ్ల గ్లాసులో, ఇంకొక జతను తాను తెచ్చిన ఆర్వో నీళ్ల గ్లాసులో ముంచి స్విచ్ వేశాడు. నిమిషం తిరిగేసరికి మా గ్లాసులో నీళ్లు పచ్చగా, ఆ తర్వాత తుప్పు రంగులోకి మారి, పైన మురికి తెట్టు కట్టింది. అతని గ్లాసు తేటగానే ఉంది. “చూడండి మేడమ్, రోజూ మీ పిల్లలు తాగుతున్నది ఇదే” అన్నాడు. చూసినవారు భయపడకుండా ఉండటం కష్టం. కాని ఆ మురికి నీటిలోది కాదు. ఆ కడ్డీల్లో ఒకటి ఇనుముది, ఒకటి అల్యూమినియంది. ఖనిజాలున్న నీటి గుండా కరెంటు పారుతుంది కాబట్టి కడ్డీయే కరిగి, ఆ లోహం తుక్కుగా తేలుతుంది. ఖనిజాలు తీసేసిన నీటిలో కరెంటు పారదు కాబట్టి అది తేటగా ఉంటుంది. అతని గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ స్విచ్ వేయమని అడిగాను. వేస్తే ఏమవుతుందో అతనికి తెలుసనుకుంటాను, పరికరం సర్దుకుని పక్క ఫ్లాటుకు వెళ్లిపోయాడు. మీ ఇంటికి ఎవరైనా వస్తే మీరూ ఉప్పు అడగండి.

అతనే చూపించిన టీడీఎస్ మీటరు గురించి కూడా ఒక మాట. అది నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని మాత్రమే సుమారుగా చెబుతుంది. ఫ్లోరైడ్ ఎంత, నైట్రేట్ ఎంత, బాక్టీరియా ఉందా లేదా అన్నది చెప్పలేదు. టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉన్న నీటికి ఆర్వో అవసరం లేదని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా స్పష్టంగా చెప్పింది. కృష్ణా, గోదావరి నీరు శుద్ధి చేసి ఇచ్చే చాలా పట్టణాల్లో ఇంటికి కావలసింది మంచి వడపోత, సూక్ష్మజీవులను చంపే ఏర్పాటు, శుభ్రమైన సంపు. ఆర్వో వదిలేసే నీటిని మోరీలోకి పంపడం కంటే సంపు కడిగించుకోవడం చవక.

ధర విషయానికి వస్తే, ఈ దేశంలో సీసా నీటికి నేను పూర్తి మార్కులు ఇచ్చేది రైల్ నీర్‌కే. రైల్వే తరఫున ఐఆర్‌సీటీసీ తయారు చేసే ఈ నీరు 2003లో మొదలైంది. జీఎస్టీ తగ్గిన తర్వాత 2025 సెప్టెంబరు 22 నుంచి లీటరు సీసా పదిహేను నుంచి పద్నాలుగు రూపాయలకు, అర లీటరు పది నుంచి తొమ్మిదికి దిగింది. లేబుల్ మీద ఏ అతిశయోక్తీ లేదు. స్టేషన్లో అది దొరకనప్పుడు ఇంకో బ్రాండును ఎక్కువ ధరకు అంటగడితే 139కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు. హోటళ్లలో మాత్రం కూర్చోగానే “నార్మలా సార్, బాటిలా?” అని అడుగుతారు. అక్కడ సీసాకు ఎమ్మార్పీ కంటే ఎక్కువ వసూలు చేయవచ్చని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది కాబట్టి వాదించి లాభం లేదు. నార్మల్ అని నిస్సంకోచంగా అడగడమే దారి. కిరాణా కొట్లో, మెడికల్ షాపులో ఎమ్మార్పీ దాటితే అది నేరమే.

ఇక మిగిలింది ఇరవై లీటర్ల క్యాను. వీధికొక ప్లాంటు పుట్టడానికి కారణాలు ఉన్నాయి, వాటిని తక్కువ చేసి చూడలేం. ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదన్న ప్రమాణం ఉన్నా, నల్లగొండలో మర్రిగూడ, ఉమ్మడి ప్రకాశంలో కనిగిరి ప్రాంతాల్లో అంతకు మించి ఫ్లోరైడ్ ఉన్న బోరు నీరు తాగి తరతరాలవారి ఎముకలు వంగిపోయాయి. అలాంటి చోట్ల ఆర్వో నీరు మేలు చేసింది. మిషన్ భగీరథ కింద 2016 నుంచి తెలంగాణలోనూ, రెండు రూపాయలకే ఇరవై లీటర్లు ఇచ్చే ఎన్టీఆర్ సుజల కింద 2014 నుంచి ఆంధ్రప్రదేశ్‌లోనూ ప్రభుత్వాలు ప్రయత్నించాయి. ఇప్పటి ఇబ్బంది క్యానులోని నీటికి జవాబుదారీ ఎవరన్నది. సీసా నీటికి ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి అన్న నిబంధనను 2024 అక్టోబరులో తొలగించారు. నవంబరు నెలాఖరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఈ నీటిని ప్రమాదావకాశం ఎక్కువ ఉన్న ఆహారాల జాబితాలో చేర్చి, తనిఖీలు, ఆడిట్లు తప్పనిసరి చేసింది. కాగితం మీద ఇది మంచిదే. కాని సీలు లేకుండా, లేబుల్ లేకుండా, మన క్యానులోనే నింపి పంపే వీధి ప్లాంటులో చాలావరకు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు సంఖ్యే కనబడదు.

టీడీఎస్ ముప్పైకి తగ్గించి తియ్యగా ఉండేలా చేసిన నీరు ‘మంచి నీరు’ అన్న పేరు తెచ్చుకుంటోంది. నోటికి తియ్యగా ఉండటానికీ సూక్ష్మజీవులు లేకపోవడానికీ సంబంధం లేదు. క్యాన్లను బోర్లించి లోపల బ్రష్‌తో, వేడినీటితో కడుగుతున్నారా, నింపే గది మూసి ఉందా, ఆర్వో పొర ఎప్పుడు మార్చారు అన్నవి చూడవలసినవి. ఐఎస్ఐ ముద్ర ఉంటే దాని కింద సీఎం/ఎల్ (CM/L) తో మొదలయ్యే సంఖ్య ఉండాలి, దానిని భారతీయ ప్రమాణాల సంస్థవారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఆ లైసెన్సు ఎవరిది, ఇంకా అమల్లో ఉందా అన్నది తెలుస్తుంది. పద్నాలుగు అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు సంఖ్యనూ ఆ సంస్థ వెబ్‌సైటులో సరిచూసుకోవచ్చు. పేరుమోసిన బ్రాండ్ పేరులో ఒక అక్షరం మార్చి, అదే రంగు మూతతో బస్టాండుల్లో అమ్మే సీసాలను పట్టుకోవడానికి కూడా ఆ సంఖ్యే దారి.

నా మార్కులు ఇవి. పద్నాలుగు రూపాయల రైల్ నీర్ ప్రయాణంలో తప్పక కొనవచ్చు. ఇరవై రూపాయల మామూలు సీసా, లైసెన్సు సంఖ్య సరిగా ఉండి మూత సీలు చెదరకుండా ఉంటే, అవసరానికి కొనవచ్చు. సహజ మినరల్ వాటర్ రుచి నచ్చినవారు కొనుక్కోవచ్చు, ఆరోగ్యం కోసమని కొననక్కరలేదు. ఆల్కలైన్ నీళ్లను, నల్లనీళ్లను నేను ఎవరికీ సిఫారసు చేయను. ఇంటికి క్యాను తెప్పించుకునేవారు మాత్రం ఈ వారంలోనే ఒకసారి ప్లాంటుకు వెళ్లి, ఇటీవలి ప్రయోగశాల పరీక్ష నివేదిక చూపించమని అడగండి. అందులో ఫ్లోరైడ్, నైట్రేట్, కోలిఫాం బాక్టీరియా అన్న మూడు వరుసలు ఉండాలి, కింద తేదీ ఉండాలి. చూపించిన ప్లాంటు పక్క వీధిలో ఉన్నా, క్యానుకు ఐదు రూపాయలు ఎక్కువైనా, నీళ్లు అక్కడి నుంచే తెప్పించుకోండి.